నల్ల బిళ్లల వారం

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే దారిలో రాష్ట్రం మారిన సంగతిని ముందుగా గోడలే చెబుతాయి. ఇటు గోడల మీద ఒడియా అక్షరాలుంటాయి, అటు గోడల మీద తెలుగు అక్షరాలుంటాయి. నా చిన్నతనంలో ఆ రెండు వైపులా మారకుండా కనిపించిన బొమ్మ ఒకటే: తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం, దాని పక్కన భార్యాభర్తలు, వాళ్ల చేతులు పట్టుకుని నిలుచున్న ఇద్దరు పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న నాకు ఆ బొమ్మ కింది మాటలను రెండు లిపుల్లోనూ చదవడం వచ్చేది గాని, ఆ మాటలు దేని గురించో మాత్రం చాలా కాలం తెలియలేదు. గర్భం రాకుండా వాడే బిళ్ల, లూపు, సూది, ఆపరేషను అన్నీ ఆడదాని ఒంట్లో జరిగేవే అయినా, ఆ బొమ్మలోని ఆవిడకు చీర, బొట్టు, నవ్వు తప్ప ఒళ్లన్నది ఒకటి ఉన్నట్టే కనిపించేది కాదు.

ఈ విషయం రాయాలన్న పట్టుదల నాకు మా వదిన వల్ల కలిగింది. రెండో బిడ్డ పుట్టాక ఆమె గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షను వేయించుకుంది. మొదటి సూది తరువాత వారాల తరబడి చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించింది. రెండో సూది తరువాత నెలసరి పూర్తిగా ఆగిపోయింది. ఆమె భయపడింది, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆ భయాన్ని ఇంకా పెంచారు. "నెల రాకపోతే ఆ చెడ్డ రత్తమంతా లోపల ఎక్కడికెల్తాది, చెప్పు?" అని ఆమె నన్ను అడిగిన రోజున, డిగ్రీ చదివిన నా దగ్గర కూడా సరైన జవాబు లేకపోయింది. మూడో సూదికి ఆమె వెళ్లలేదు. మరుసటి ఏడాది మూడో కాన్పు అయింది, ఆ కాన్పుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ చేయించుకుంది. అది ఆమె కోరుకున్న ఆపరేషను కాదు. మిగిలిన దారులన్నీ నమ్మరానివిగా తోచినప్పుడు ఆమెకు మిగిలిన దారి అది.

వదిన ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. ఆ మందు పనిచేస్తున్నంత కాలం గర్భాశయం లోపలి పొర మందంగా పెరగదు. పెరగనిది రాలదు, రాలవలసినది లేనప్పుడు లోపల నిలవ ఉండేదీ ఏమీ ఉండదు. ఈ ఇంజెక్షనును ఏడాది పాటు వేయించుకున్న స్త్రీలలో సుమారు సగం మందికి నెలసరి ఆగిపోతుందన్నది వైద్యులకు ఎప్పటి నుంచో తెలిసిన విషయం. అంటే మా వదినకు వచ్చింది జబ్బు కాదు, లోపం కాదు, ఆ మందు మామూలుగా చేసే పనే. ఇంత మామూలు సంగతి నేను చూసిన ఏ పోస్టరు మీదా, ఏ గోడ మీదా, ఏ టీవీ ప్రకటనలోనూ లేదు. గర్భనిరోధక ప్రకటనలు రక్తాన్ని దాచడాన్ని మనం మర్యాద కోసం చేసిన చిన్న సర్దుబాటుగా చూస్తున్నాం. కాని స్త్రీకి కంటికి కనిపించే మేరకు ఆ మందు చేసే పనంతా రక్తంలోనే ఉంటుంది. దాన్ని దాచడమంటే మందు గురించి సగం చెప్పకుండా అమ్మడమే.

మన భాషలో నెలసరి చుట్టూ అల్లుకున్న మాటలను చూస్తే ఆ దాపరికం ఎంత పెద్దదో తెలుస్తుంది. తెలుగులో గర్భానికి మొదటి పేరు 'నెల తప్పడం'. నీళ్లోసుకోవడమన్నా, కడుపుతో ఉండడమన్నా ఆ తరువాతి మాటలే. ముందు వచ్చేది రావలసినది రాకపోవడం. బయట చేరిందని, ముట్టయిందని, దూరంగా ఉందని రక్తం వచ్చిన రోజులకు ఇన్ని పేర్లు పెట్టుకున్న మన ఇళ్లలో, రక్తం రాని నెలకు మాత్రం ఒకే ఒక అర్థం ఉంది. మా అమ్మమ్మ తరంలో క్యాలెండరు చదవడం రాని స్త్రీలు కూడా తమ రోజులను అమావాస్య పున్నాలతో కొలుచుకుని కచ్చితంగా చెప్పగలిగేవారు. చదువూ సొమ్మూ చేతిలో లేని స్త్రీకి తన ఒంటి గురించి తానే చూసుకుని, తానే చదువుకుని, ఎవరి సాయమూ లేకుండా అర్థం చెప్పుకోగల లెక్క అదొక్కటే. ఆ లెక్కను తారుమారు చేసే మందును ఆమె చేతిలో పెట్టి, లెక్క మారుతుందన్న మాట చెప్పకపోతే, ఆమె మందును అనుమానిస్తుందే తప్ప లెక్కను అనుమానించదు. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు.

గర్భనిరోధక మాత్రను కనిపెట్టినవారు కూడా మొదటి రోజుల్లోనే ఈ లెక్కకు ఎదురుపడ్డారు. 1950లలో అమెరికాలో జాన్ రాక్ అనే వైద్యుడు పిల్లలు కలగని స్త్రీలకు నెలల తరబడి ఎడతెగకుండా హార్మోన్లు ఇచ్చి చూసినప్పుడు వారికి నెలసరి ఆగిపోయింది, వారు తాము గర్భం దాల్చామని నమ్మారు. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న స్త్రీకి ఆ నమ్మకం ఎంతటి ఆశను పుట్టించి ఎంతగా కుంగదీసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అప్పుడు రాక్‌తో కలిసి పనిచేస్తున్న శాస్త్రవేత్త గ్రెగరీ పింకస్, మందును ఇరవై రోజులు ఇచ్చి కొన్ని రోజులు ఆపితే రక్తం కనిపిస్తుందని సూచించాడు. ఈ నాటికీ కోట్ల మంది మింగుతున్న మాత్రల పట్టీకి రూపం అక్కడి నుంచి వచ్చింది. ఆ విరామంలో కనిపించేది హార్మోను ఆగడం వల్ల వచ్చే రక్తమే గాని, అండం విడుదలై, గర్భం నిలవక వచ్చే మామూలు నెలసరి కాదు. ఎనోవిడ్ అనే ఆ తొలి మాత్రకు అమెరికా ప్రభుత్వం 1957లో నెలసరి బాధలకు మందుగా అనుమతినిచ్చింది, 1960లో మాత్రమే గర్భనిరోధకంగా అనుమతినిచ్చింది. రాక్ కేథలిక్ మతాన్ని నిష్ఠగా పాటించినవాడు. ఈ మాత్ర, చర్చి ఒప్పుకున్న రోజుల లెక్కల ప్రకృతి పద్ధతికి కొనసాగింపేనని తన చర్చిని ఒప్పించాలని ఆయన ఆశించాడు. 1968లో పోప్ ఆరవ పాల్ ఒప్పుకోలేదు. పట్టీలోని విరామం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి ఒరిగే మేలేమీ లేదని బ్రిటన్‌లో లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యాన్ని చూసే వైద్యుల సంస్థ తన మార్గదర్శకాలలో రాయడానికి 2019 రావలసి వచ్చింది.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే 'మాలా-ఎన్', దుకాణాల్లో తక్కువ ధరకు అమ్మించే 'మాలా-డి' పట్టీలలో 28 మాత్రలుంటాయి. మొదటి 21 తెల్లనివి, హార్మోనువి. చివరి 7 ముదురు రంగులో ఉండే ఇనుము మాత్రలు. మా ఇళ్లలో వాటిని నల్ల బిళ్లలు అంటారు. నల్ల బిళ్లలు మింగే వారంలోనే రక్తం కనిపిస్తుంది. ఆ వారం ఎందుకుందో మా పిన్నికి ఎవరూ చెప్పలేదు. అవి బలం బిళ్లలే కదా అని తాను మింగకుండా, నీరసంగా ఉన్న కూతురికి ఇచ్చేది. తన రోజుల వరుస తప్పి, కొత్త పట్టీని రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టేది. రోజూ ఒకటి మింగే అలవాటు తప్పిపోకుండా చూడడం కూడా నల్ల బిళ్లల పనేనని తెలిసి ఉంటే ఆమె అలా చేసేది కాదు. తెల్ల బిళ్లల విషయంలో ఆలస్యమైతే గర్భం వచ్చే అవకాశం ఉంటుందన్నది ఆమెకు అనుభవం మీద తెలిసింది.

పట్టీ వాడితే నెలసరి రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి కూడా చాలామందిలో తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఒడిశాలో నూటికి 64 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది. సరిహద్దుకు ఇటైనా అటైనా సగానికి పైగా ఆడవాళ్లు రక్తం చాలక నడుస్తున్న ఊళ్లు ఇవి. నెలనెలా పోయే రక్తం తగ్గుతుందన్న మాట ఇక్కడ ఎంతో విలువైన మాట. రాగి తీగ ఉన్న లూపు, అదే కాపర్-టీ, దీనికి భిన్నంగా మొదటి కొన్ని నెలలు రక్తాన్ని పెంచవచ్చన్నది కూడా అంతే విలువైన మాట. ఏది ఎవరికి తగినదో ఎంచుకోవడానికి కావలసిన సమాచారం అంతా రక్తం చుట్టూనే ఉంది. మన ప్రకటనలు తమకు మేలు చేసే మాటను కూడా నోట రానివ్వవు, ఎందుకంటే ఆ మాట చెప్పాలంటే ముందు రక్తం అన్న పదాన్ని పలకాలి.

సంపన్న దేశాల ప్రకటనలు ఆ పదాన్ని పలికాయి గాని, పలికిన తీరు నాకు మింగుడుపడలేదు. అమెరికాలో 2003లో సీజనేల్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. 84 రోజులు హార్మోను, ఏడు రోజులు విరామం, ఏడాదికి నాలుగే నెలసరులు. 2007లో లైబ్రెల్ వచ్చింది, దానికి విరామమే లేదు. నొప్పితో లేవలేని స్త్రీకి, గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బుతో బాధపడే స్త్రీకి ఇవి వరం లాంటివి, నేను కాదనను. ప్రకటన మాత్రం ఆ బాధ లేని స్త్రీకి కూడా నెలసరిని ఒక అడ్డంకిగా, ఆధునికురాలు వదిలించుకోవలసిన పాత బరువుగా చూపించింది. ఆ మందు మొదటి నెలల్లో వేళకాని వేళ రక్తం కనిపించడాన్ని పెంచుతుందన్న సంగతిని తక్కువ చేసి చూపినందుకు సీజనేల్ టీవీ ప్రకటనను 2004 చివరలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. యాజ్ అనే మాత్ర ప్రకటనలు నెలసరికి ముందు వచ్చే మామూలు చిరాకులన్నిటికీ, మొటిమలకూ అది మందన్నట్టు చెప్పి, ప్రమాదాలను తగ్గించి చూపినందుకు అదే సంస్థ 2008లో బేయర్ కంపెనీకి హెచ్చరిక పంపింది. 2009లో రెండు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి ఆ కంపెనీ తన తప్పును సరిదిద్దే ప్రకటనలు వేయవలసి వచ్చింది. మన దగ్గర రక్తమే లేదన్నట్టు నటించే ప్రకటన ఒకటైతే, అక్కడ రక్తాన్ని శత్రువును చేసిన ప్రకటన ఇంకొకటి. ఈ రెండిట్లో ఏదీ, నీ ఒంట్లో ఈ నెల ఇలా జరుగుతుంది, వచ్చే నెల అలా జరగవచ్చు, అని స్త్రీతో నేరుగా మాట్లాడదు.

మన మౌనం వెనుక చట్టం కూడా ఉంది. 1954లో వచ్చిన మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం మూడో సెక్షనులో గర్భస్రావానికి, స్త్రీలలో గర్భనిరోధానికి, నెలసరి దోషాలను సరిచేయడానికి వాడే మందుల ప్రకటనలను ఒకే వరుసలో నిషేధించింది. ప్రభుత్వమే వేసే ప్రకటనలకు, ప్రజాహితం కోసం ప్రభుత్వం మినహాయించిన వాటికి మాత్రం దారి ఉంది. ఆ చట్టం ఊరికే రాలేదు. అంతకు ముందు దేశమంతటా పత్రికల్లో స్త్రీల ఒంటి మీద భయాన్ని పెంచి సరుకు అమ్ముకునే మందులు కోకొల్లలుగా ఉండేవి. అయితే ఆనాటి తెలుగు పత్రికల్లో ఇంకో సంప్రదాయమూ ఉంది. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన కె.ఎన్. కేసరి గారు స్త్రీల గర్భాశయ బాధలకు 'లోధ్ర' అనే మందును తయారు చేశారు. 1928లో ఆయనే 'గృహలక్ష్మి' మాసపత్రికను స్త్రీల కోసం మొదలుపెట్టారు. ఆ మందు గుణం మీద తీర్పు చెప్పడం నా పని కాదు. దాదాపు వందేళ్ల క్రితం తెలుగు గృహిణి చేతికి వెళ్లే పత్రికకు, ఆమె నెలసరి బాధల గురించి ఆమెతో తెలుగులో మాట్లాడే మందుకు ఒకే ఇల్లు ఉండేదన్నది నాకు ముఖ్యం. ఆ మాటలు మనకు కొత్తవి కావు, మధ్యలో ఎక్కడో వాటిని మనమే వదిలేశాం.

కండోము ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. 1968లో 'నిరోధ్' వచ్చినప్పుడు అది కుటుంబ సంక్షేమం, 1991లో 'కామసూత్ర' వచ్చాక అది మగవాడి సుఖం. రెండు సందర్భాల్లోనూ స్త్రీ ఆ ప్రకటనలో ఉన్నది తన గురించి చెప్పుకోవడానికి కాదు. 2017 డిసెంబరులో కేంద్రం ఆ ప్రకటనలను ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు వేయవద్దని చెప్పి, తరువాత అసభ్యంగా ఉన్నవాటికే అది వర్తిస్తుందని వివరణ ఇచ్చుకుంది.

కలయిక తరువాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్రల సంగతి వేరు, అవి నా తరాన్ని నేరుగా తాకాయి. 2005లో వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది, ఆ తరువాత కొన్నేళ్లు టీవీ నిండా వాటి ప్రకటనలే. నాకు గుర్తున్నంతలో ఆ ప్రకటనలోని అమ్మాయి ఎప్పుడూ కంగారులోనే ఉండేది, మాత్ర పెట్టె కనిపించగానే ఆమె ముఖం తేటపడేది. 72 గంటల లోపు వేసుకోవాలన్నది అందరికీ కంఠతా వచ్చింది. ఆ మాత్ర వేసుకున్నాక నెలసరి కొన్ని రోజులు ముందుగా గాని ఆలస్యంగా గాని రావచ్చునన్నది ఎవరికీ తెలియలేదు. బరంపురంలో నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా గదిలోని అమ్మాయికి ఆ మాత్ర వేసుకున్నాక నెల ఐదు రోజులు ఆలస్యమైంది. ఆ ఐదు రోజులు ఆమె బొప్పాయి, నువ్వులూ బెల్లమూ తింటూ, మాతో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేక, రాత్రిళ్లు నిద్రపోకుండా గడిపింది. ఆరో రోజున నెల వచ్చింది. పెట్టె లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఆ సంగతి రాసి ఉందని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆమె ఆ కాగితాన్ని ఎవరి కంటా పడకూడదని కొన్న రోజునే చింపి పారేసింది.

ఒడిశాలో బతికేవారికి ఈ మౌనం ఇంకా ఎక్కువగా వింతనిపించాలి. జూన్ నడుమ మిథున సంక్రాంతికి ఇక్కడ రజ పర్వం జరుగుతుంది. ఆ మూడు రోజులు భూదేవి రజస్వలగా ఉంటుందని నమ్మకం; నాగలి పట్టరు, నేల తవ్వరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, ఇళ్లలో పొడపిఠా కాలుస్తారు, నాలుగో రోజున భూమికి స్నానం చేయిస్తారు. కటక్, పూరీ వైపు ఉన్నంత వైభవం మా పర్లాకిమిడిలో కనిపించదు గాని, బడిలో నా ఒడియా స్నేహితురాళ్లు ఊళ్లకు వెళ్లి వచ్చి చెప్పే ఉయ్యాల కబుర్లు నాకు ఇంకా గుర్తున్నాయి. 'రజ' అన్నా మన 'రజస్వల' అన్నా మాట ఒకటే. ఆ పండుగ జరుపుకునే ఇళ్లలో కూడా నిజమైన ఆడపిల్ల ముట్టయితే పూజగదికి దూరంగా ఉంచడం నేను చూశాను కనుక, పండుగ ఉంది కాబట్టి సమాజం ఉదారమైనదని అనలేను. కాని రక్తం పేరు చెప్పి మూడు రోజులు ఊరంతా సెలవు తీసుకోగలిగిన చోట, ఒక గోడ మీద ఆ పేరు రాయలేమన్న వాదన నిలవదు.

ప్రకటన పని ప్రకటనది, వివరం చెప్పడం ఆరోగ్య కార్యకర్త పని అని కొందరు అంటారు. ముప్పై సెకన్లలో, ఒక గోడ మీద ఎంత చెప్పగలం అని అడుగుతారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అయితే కార్యకర్తను ఏ ప్రశ్న అడగవచ్చో ఏది అడగకూడదో స్త్రీకి నేర్పేది ప్రకటనే. గోడ మీద రక్తం మాట ఉంటే, ఆరోగ్య కేంద్రం వరండాలో నలుగురి మధ్య నిలబడి దాన్ని గురించి అడగడానికి ఆమెకు నోరు వస్తుంది. గోడే సిగ్గుపడితే ఆమె ఇంకా సిగ్గుపడుతుంది. సిగ్గుపడి మానేసిన స్త్రీలు చివరకు ఎక్కడికి చేరుతారో లెక్కలు చెబుతూనే ఉన్నాయి. ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో ఆపరేషను చేయించుకున్నవారు దేశంలో నూటికి 38 మంది, ఒడిశాలో 28 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 మంది. మగవారి ఆపరేషను దేశం మొత్తం మీద 0.3 శాతం. ఈ తేడాలకు కారణాలు చాలా ఉన్నాయి, ప్రకటనల మౌనం ఒక్కటే కారణమని నేను అనడం లేదు. కాని తాత్కాలిక పద్ధతుల గురించి నమ్మకం కలిగేలా మాట్లాడని చోట, శాశ్వతమైనదాన్ని ఎంచుకోవడాన్ని నేను ఇష్టపూర్వకమైన ఎంపికగా లెక్కించలేను. మా వదిన ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలుసు.

గోడ మీద ఏం రాయవచ్చో చూద్దామని కిందటి వేసవిలో నేనే ఒక కాగితం మీద రాశాను. "సూది వేయించుకున్నాక మొదట్లో వేళకాని వేళ చుక్కలు కనిపించవచ్చు. తరువాత నెల రావడం ఆగిపోవచ్చు. లోపల ఏదీ నిలవ ఉండదు. సూది మానేస్తే నెల మళ్లీ వస్తుంది, అందుకు కొన్ని నెలలు పట్టవచ్చు. రక్తం ఎక్కువగా పోతే వెంటనే వచ్చి చెప్పండి." చదవడానికి పావు నిమిషం పట్టే మాటలు. మొదటి ప్రతిలో నేను 'రక్తస్రావం', 'ఋతుక్రమం' అని రాస్తే, మా వీధికి వచ్చే ఆశా దీదీ వాటిని కొట్టేసింది. ఆమెకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు. ఆడవాళ్లకు అర్థం కావాలంటే 'ముట్టు' అని రాయమంది. అంటుముట్టుల మైల అంతా మోసుకొచ్చే ఆ మాట నాకు ఇష్టం లేదన్నాను. ఒడియాలో 'మాసిక' అంటాం కదా, అలాంటి మాట మీకు లేదా అని ఆమె అడిగింది. ఉంది, వదిన నన్ను అడిగినప్పుడు వాడిన మాటే, నెల. అలా ఐదు వాక్యాలూ సరిచేసి, కింద ఆమె ఒడియాలో కూడా రాసుకుంది. మూడో వాక్యం కింద రెండు గీతలు గీసింది. తనను ఎక్కువ మంది అడిగేది అదేనట. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నల్ల బిళ్లల పట్టీలున్న సంచిలో వేసుకుని పక్క వీధికి వెళ్లింది.